సూపరింటెండెంటు గారి బుగ్గ మీద మరక

రంగులక్క ఆ రోజు అందరికంటే ముందు ఆసుపత్రికి చేరాలని అనుకుంది. వెళ్లి, ల్యాబులో బల్ల అద్దంలా తుడిచి, పాత రంగులు పారబోసి కొత్తవి కలిపి, తనిఖీ అధికారి వచ్చేసరికి మైక్రోస్కోపు కింద చూడముచ్చటైన స్లైడు ఒకటి పెట్టి, ఏమీ ఎరగనట్టు పక్కన నిలబడాలి. పథకం అంతే. అందులో పరుగులు లేవు, దాపరికాలు లేవు, పెద్దమనుషుల మొహాలు తుడవడం అసలే లేదు.

ఆమెకు ఇంట్లో పెట్టిన పేరు ఒకటుంది గానీ ఆసుపత్రిలో దాన్ని అందరూ మరిచిపోయారు. సూక్ష్మజీవులు ఉన్నవి ఉన్నట్టుగా చూస్తే నీళ్లలో నీళ్లలా ఉంటాయి, కంటికి ఆనవు. రంగు పడితేనే బయటపడతాయి. ఆ రంగులు వేసే పని ఆమెది. ఊదా, ఎరుపు, నీలం, ఏదో ఒకటి ఎప్పుడూ ఆమె గోళ్ల సందుల్లో ఉంటుంది. అందుకని ముందు నర్సులు రంగులక్క అన్నారు, తరవాత డాక్టర్లు అన్నారు, చివరికి కట్టుకున్నవాడు కూడా ఫోనులో ఆ పేరే రాసుకున్నాడు.

తనిఖీ మామూలుది కాదు. ఇంత చిన్న ఆసుపత్రికి సొంత ల్యాబు ఎందుకు, నమూనాలన్నీ దూరాన ఉన్న పెద్ద ల్యాబుకు పంపేస్తే పోదా అని పైవాళ్లకు ఆలోచన వచ్చింది. ఉంచాలో మూయాలో అధికారి వచ్చి చూసి చెబుతుంది. ల్యాబు మూస్తే రంగులక్క ఉద్యోగం కూడా దానితోపాటే పోతుంది. పైగా ఆ ఉద్యోగంలో ఆమెను చేర్పించింది స్వయానా ఆడపడుచు. ఆవిడ అక్కడే హెడ్ నర్సు. ఇంట్లో వదిన, ఆసుపత్రిలో హెడ్ నర్సు. గొంతు మాత్రం రెండుచోట్లా ఒకటే.

"అమ్మాయ్, ఇవాళ ఒక్కరోజు నీ రంగుల్ని సీసాల్లోనే ఉండనీ," అంది వదిన, గేటు దగ్గరే పట్టుకుని. "నేల మీదా, గోడ మీదా, నీ మొహం మీదా, ఎక్కడా కనపడకూడదు."

"అలాగే వదినా."

"అలాగే అంటావు. మొన్న నీ చెవి నీలంగా ఉంది."

"పనిలో ఉండగా ఫోనొచ్చింది, అందుకని..."

"అయితే ఇవాళ ఫోనూ వద్దు. మా తమ్ముడికి నేను చెప్తాలే."

రంగులక్క ల్యాబులోకి వెళ్లి కోటు వేసుకుంది, గ్లౌజులు తొడుక్కుంది, బల్ల తుడిచింది. ఊదారంగు సీసాలో అడుగున గసి పేరుకుంది. ఆ గసి స్లైడు మీద పడితే అచ్చం సూక్ష్మజీవుల్లాగే కనిపించి మనిషిని మోసం చేస్తుంది. కొత్తగా కలపక తప్పదు. బీరువాలోంచి క్రిస్టల్ వయొలెట్ పొడి డబ్బా తీసింది.

ఆ పొడి సంగతి తెలిసినవాళ్లు దాని జోలికి తుమ్ము వచ్చేటప్పుడు వెళ్లరు. పొడిగా ఉన్నంతసేపూ పెన్సిలు రజనులా ఉంటుంది. బల్ల మీద పడితే ఎవరూ పట్టించుకోరు. దానికి కాస్త తడి తగలాలి. నీటిచుక్కో, చెమటో తగిలిందంటే చాలు, ఆవగింజలో సగం లేని రవ్వ అరచెయ్యంత ఊదారంగై కూర్చుంటుంది.

డబ్బా మూత బిగుసుకుపోయింది. రంగులక్క గుడ్డ చుట్టి తిప్పింది. బల్ల అంచుకు తట్టింది. పొట్టకు ఆనించి పట్టుకుని తిప్పింది. చివరికి వదిన మాటలు గుర్తుచేసుకుని ఒక్క తిప్పు తిప్పింది. మూత ఊడి ఎగిరింది. దాని వెనకే చారెడు పొడి బల్ల పొడుగునా పరుచుకుంది.

ఆమె కంగారు పడలేదు. ఊపిరి బిగబట్టింది. కిటికీ మూసే ఉంది, ఫ్యాను ఆగే ఉంది. పొడి కాగితంతో నెమ్మదిగా ఎత్తేస్తే మూడోకంటికి తెలియకుండా పని అయిపోతుంది. కాగితం కోసం అటు తిరిగింది.

సూపరింటెండెంటు గారు లోపలికొచ్చారు.

ఆయన భారీ మనిషి. చలికాలంలో కూడా చెమట పట్టే తత్వం. ఏ గదిలోకి వెళ్లినా ముందు ఫ్యాను వేసి ఆ తరవాతే మాట్లాడతారు. "అబ్బబ్బ, ఏం ఉక్కమ్మా ఇది! గాలి ఆడనివ్వరా మీరు?" అంటూనే స్విచ్చి నొక్కారు. "వద్దు సా..." అన్న రంగులక్క మాట ఫ్యాను చప్పుడులో కలిసిపోయింది.

బల్ల మీది పొడి లేచి చక్కగా గదంతా సర్దుకుంది. ఎక్కడా ఏమీ కనబడలేదు. సూపరింటెండెంటు గారు రెండు అరచేతులూ బల్ల మీద ఆనించి, ముందుకు వంగి, ఆ కొస నుంచి ఈ కొస దాకా చూశారు.

"శెభాష్! ఇంత శుభ్రమైన బల్ల ఈ ఆసుపత్రిలో నేనింతవరకూ చూళ్లేదు."

రంగులక్క నోరు తెరిచింది. చెప్పేయాలి. కానీ ఉద్యోగంలో చేరిన ఇన్నేళ్లకు ఆయన నోట మెచ్చుకోలు రావడం అదే మొదలు. ఆ మాట చెవిలోంచి గుండెలోకి దిగేలోపే కాదు సార్ అనడానికి ఆమెకు ప్రాణం ఒప్పలేదు. "థాంక్యూ సార్," అంది.

ఆయన సంతోషంగా తల పంకించి వెళ్లిపోయారు. తలుపు పిడి మీద అయిదు వేళ్లూ అరచెయ్యీ, గీతలతో సహా, ఊదారంగులో పూచాయి.

రంగులక్క గ్లౌజులు పీకి పారేసి, దూది కట్టా, ఆల్కహాలు సీసా చంకన పెట్టుకుని ఆయన వెనకాల పడింది. ఆ రంగును కరిగించేది ఆల్కహాలే. ఆయన ముందు, ఆమె వెనక. ఆయన మెట్ల కమ్మీ పట్టుకున్నారు, ఆమె తుడిచింది. ఆయన లిఫ్టు మీట నొక్కారు, ఆమె తుడిచింది. ఆయన మందుల గది ఫార్మసిస్టుతో చెయ్యి కలిపారు. ఫార్మసిస్టు చెయ్యి పట్టుకుని తుడవబోతే అతను బెదిరిపోయి లాగేసుకున్నాడు. ఆ చేత్తోనే కిటికీలోంచి మందు పొట్లాలు అందించడం మొదలుపెట్టాడు.

అక్కడితో వ్యవహారం ఆమె చేతికి అందకుండా పోయింది. ఒక మనిషి వెనక పరిగెత్తవచ్చు గానీ పొట్లాల వెనక ఎలా పరిగెడుతుంది? మళ్లీ మెట్ల దగ్గరికి వచ్చేసరికి కమ్మీ మీద తను వదిలేసిన చిన్న మరకను ఆయా చూడనే చూసింది.

"ఆయమ్మా, తడిగుడ్డ పెట్టకు!" అని అరిచింది రంగులక్క.

"తడిగుడ్డ పెట్టకుండా ఎలా తుడుస్తారు తల్లీ? బాగానే ఉంది మీ చోద్యం," అంటూ ఆయా కమ్మీని పైనుంచి కింద దాకా ఒక్క ఊపున తుడిచేసింది. రెండంతస్తుల మెట్లకు నిగనిగలాడే ఊదా అంచు వచ్చింది. మెట్లెక్కేవాళ్లంతా దాన్ని పట్టుకునే ఎక్కారు.

కాసేపటికి ఓపీ గదిలో ఒక ముసలాయన కుర్చీలో కూలబడి, "డాక్టరు బాబూ, నా వేళ్లు చచ్చుబడిపోతున్నాయి," అని చేతులు చాచాడు. వేళ్ల కొసలు వంకాయ రంగులో ఉన్నాయి. డ్యూటీ డాక్టరు కుర్రవాడు, చదువు తాజాగా ఉన్నవాడు. రక్తంలో ప్రాణవాయువు తగ్గితే వేళ్లు ఇలాగే అవుతాయని అతనికి చప్పున గుర్తొచ్చింది. వేలికి మిషను తగిలించి చూశాడు. అంకె భేషుగ్గా ఉంది.

"ఊపిరి ఆడుతోందా తాతా?"

"ఇందాకటిదాకా ఆడింది బాబూ. మీరడిగాక ఆడట్లేదు."

డాక్టరు నుదురు రుద్దుకున్నాడు. నుదురు ఊదా అయింది. అది చూసి వెనక వరసలో ఉన్నావిడ కెవ్వుమంది. అందరూ ఎవరి చేతులు వాళ్లు చూసుకున్నారు. సగంమంది వేళ్లు ఊదాగానే ఉన్నాయి. కాన్పుల వార్డుకు చేరేసరికి ఆ కబురుకు పేరు కూడా వచ్చేసింది. ఊదా జ్వరమట. ముందు వేళ్లు పట్టుకుంటుందట.

ఇవేవీ తెలియని సూపరింటెండెంటు గారు తన గదిలో కూర్చుని, అధికారికి చెప్పవలసిన స్వాగత వాక్యాలు ఆలోచించుకుంటున్నారు. ఆలోచన ఏదైనా సరే, కుడి బుగ్గ అరచేతిలో పెట్టుకోనిదే ఆయనకు సాగదు. ఆ పూట ఆలోచన చాలాసేపు సాగింది.

హెడ్ నర్సు ఊదా జ్వరం సంగతి చెబుదామని గాభరాగా లోపలికొచ్చి, ఆయన మొహం చూసి ఆ సంగతే మరిచిపోయింది. "అయ్యో సార్! ఎక్కడ పడ్డారు?"

"నేనెందుకు పడతానమ్మా?"

"బుగ్గంతా కమిలిపోయింది. కదలకండి." రోగి అయినా సూపరింటెండెంటయినా ఆవిడకు ఒకటే లెక్క. ఒకసారి కదలకండి అంటే ఇక కదలకూడదు. చేతిలోని ట్రేలోంచి అయోడిన్ తీసి బుగ్గంతా దట్టంగా పట్టించేసింది.

రంగులక్క గుమ్మంలోకి వచ్చింది అప్పుడే. "వదినా, అయోడిన్ వేశావా?"

"వెయ్యనా మరి? దెబ్బ తగిలితే!"

రంగులక్క వదినను మూలకు లాగి చెవిలో గుసగుసగా చెప్పింది. స్లైడు మీద తను రోజూ చేసేదే ఇది. ముందు ఊదారంగు పొయ్యాలి. ఆపైన అయోడిన్ పొయ్యాలి, అది ఊదాను కదలనివ్వకుండా కరిచి పట్టుకుంటుంది. ఆపైన ఆల్కహాలుతో కడగాలి. కొన్ని సూక్ష్మజీవులు రంగు వదిలేస్తాయి, కొన్ని ఏం చేసినా వదలవు. వదలనివాటిని పాజిటివ్ అంటారు. వదిలేసినవి మళ్లీ కనబడాలని చివర్న ఎరుపు పూస్తారు, వాటిని నెగెటివ్ అంటారు.

"ఇదంతా నాకెందుకు చెప్తున్నావే?"

"అందులో రెండు పనులు సార్ బుగ్గ మీద అయిపోయాయి వదినా!"

వదిన మొహం పాలిపోయింది. "అయితే మూడోది కూడా కానిచ్చెయ్, త్వరగా!"

"ఏమిటమ్మా మీ గుసగుసలు? నా బుగ్గకేమైందో నాకు చెప్పరా?" అన్నారు సూపరింటెండెంటు గారు. ఈసారి ఆయన గొంతులో నిజంగానే భయం ఉంది.

"ఏం లేదు సార్, కళ్లు మూసుకోండి," అని రంగులక్క ఆల్కహాలులో దూది ముంచి రుద్దసాగింది. మరక పోలేదు. పలచబడి చెవి వైపు నడిచింది. ఇక దాచి లాభం లేదు, నిజం చెప్పేద్దామని ఆమె గొంతు సవరించుకుంది. "సార్, పొద్దున మీరు ల్యాబుకి వచ్చినప్పుడు..." అనేసరికి బల్ల మీద ఫోను గణగణ మోగింది. ముగ్గురూ ఉలిక్కిపడ్డారు. సీసా బోర్లాపడి ఆల్కహాలంతా ఆయన కోటు మీద ఒలికిపోయింది.

తనిఖీ అధికారి వచ్చేసిందట. ఆయన అలాగే పరిగెత్తారు.

ఆసుపత్రి గుమ్మం దగ్గర పొట్టిగా, సన్నగా, భుజాన గుడ్డసంచితో ఒక పెద్దావిడ నిలబడి ఉంది. జీవితమంతా మైక్రోస్కోపులో చూసి చూసి, మనిషిని కూడా ఒక కన్ను చికిలించి చూసే అలవాటు పడింది. ఆవిడ ముందుకు భారీ మనిషి ఒకాయన రొప్పుతూ వచ్చాడు. బుగ్గ ఊదాగా, దాని చుట్టూ గోధుమరంగు అంచుతో, ఒంటినిండా ఘాటైన వాసనతో వచ్చి, "నమస్కారమండీ, ఈ ఆసుపత్రికి నేనే పెద్దని," అన్నాడు.

ఆవిడ గాలి పీల్చి చూసింది. "పొద్దున్నేనా?" అంది.

"అయ్యయ్యో, అది కాదండీ! ఇది బయట పూసింది!"

ఆయన ఇంకేదో అనబోయేంతలో ఓపీలోంచి జనం ఊదా చేతులు పైకెత్తుకుని వచ్చి మీదపడ్డారు. వేళ్లు తీసెయ్యాలా అని ఒకరు, పిల్లలకు పాలు పట్టొచ్చా అని ఒకరు. ఫార్మసిస్టు వేలెత్తి చూపించాడు. "ల్యాబామె సార్! పొద్దున నా చెయ్యి పట్టుకుని లాగింది. అప్పట్నుంచే ఇది."

అందరూ రంగులక్క వైపు తిరిగారు. సూపరింటెండెంటు గారు తన రెండు అరచేతులూ అప్పుడు చూసుకున్నారు. "ఏం చేశావమ్మా?" అన్నారు. అరవలేదు. అరిచి ఉంటేనే బాగుండేదని ఆమెకు అనిపించింది.

ఆమె చెప్పేసింది. బిగుసుకున్న మూత, ఒలికిన పొడి, తిరిగిన ఫ్యాను. "మీరు శెభాష్ అన్నారు సార్. ఆ మాట పోగొట్టుకోవడం ఇష్టం లేక నోరు మూసుకున్నాను. తప్పంతా నాది. ఇది జబ్బు కాదు, ఎవరి వేళ్లకూ ఏమీ కాదు. రెండు మూడు రోజుల్లో అదే పోతుంది. కావాలంటే నన్ను పంపించేసి ల్యాబు మూసేయండి గానీ, ఇంతవరకూ చేసిన పని మంచిది కాదని మాత్రం అనకండి."

"అయోడిన్ పెట్టింది నేను," అంటూ వదిన వచ్చి ఆమె పక్కన నిలబడింది. "దాన్నొక్కదాన్నే అంటే ఊరుకోను. మా ఇంటి పిల్ల అది."

రంగులక్క బిత్తరపోయి వదిన వైపు చూసింది. ఆ ఇంటికి కోడలై వచ్చిన నాటినుంచి ఆ మాట వినడం కూడా అదే మొదలు.

అధికారి ఒక కన్ను చికిలించి సూపరింటెండెంటు గారి బుగ్గ దగ్గరికి వచ్చింది. "ఊదా పడింది, అయోడిన్ పడింది, ఆల్కహాలుతో కడిగారు. రంగు వదల్లేదు," అంది. "మీరు పాజిటివేనండీ." ఆయన రెండో బుగ్గ సిగ్గుతో ఎర్రబడింది. ఆవిడ అటు కూడా చూసింది. "ఇటువైపు మాత్రం సందేహంగా ఉంది."

ఎవరూ నవ్వడానికి సాహసించలేదు. ఆవిడ సంచి సర్దుకుని, "పదండి, చూద్దాం," అని నడక మొదలుపెట్టింది.

ల్యాబు వైపు వెళ్తుందనుకుంటే ఆసుపత్రంతా తిరిగింది. తలుపు పిడుల దగ్గర ఆగింది. లిఫ్టు మీట దగ్గర ఆగింది. డ్యూటీ డాక్టరు మెడలోని స్టెతస్కోపు ఎత్తి చూసింది. మంచాల కమ్మీలు, జ్వరం చూసే గొట్టాలు, ఒక రోగి తలాపున మంచినీళ్ల గ్లాసు, ఇంకొకరి కట్టు మీద సరిగ్గా బొటనవేలంత మరక. అన్నీ చూసుకుంటూ పోయింది. వెనక వస్తున్నవాళ్ల అడుగులు కూడా మెత్తబడ్డాయి. తరవాత ఆవిడ చేతులు కడుక్కునే చోట్లకు వెళ్లింది. డాక్టర్ల గదిలో ఒకటి, నర్సుల గదిలో ఒకటి, వార్డుకొకటి. ల్యాబులో ఉన్నది ఆఖరున చూసింది.

అక్కడ ఆగి అందరి వైపూ తిరిగింది. "ఈ భవనంలో రంగు అంటని వస్తువు ఒక్కటే కనిపించింది నాకు," అంది. "కుళాయి."

నిజమే. అన్ని కుళాయిలూ తళతళలాడుతున్నాయి. సబ్బులు ఎండి బీటలు వారి ఉన్నాయి. డాక్టరు తన నుదురు తడుముకున్నాడు. హెడ్ నర్సు చేతులు వెనక్కి పెట్టుకుంది. రంగులక్కకు తల కొట్టేసినట్టయింది. ఊరందరి చేతులూ తుడవబోయిన తను కూడా గ్లౌజులు పారేశాక ఆ కుళాయి వైపు చూడలేదు.

"పుండ్లు మానని రోగులెవరైనా ఉన్నారా?" అని అడిగింది అధికారి.

ముగ్గురున్నారు. కారణం తెలియక కట్లు మీద కట్లు మారుస్తున్నారు. వాళ్ల నమూనాలు ఆ రోజే ల్యాబుకొచ్చాయి. "కలుపు నీ రంగు. చూపించు," అంది ఆవిడ. రంగులక్క మోచేత్తో కుళాయి తిప్పి చేతులు కడుక్కుంది, మిగిలిన పొడితో ఊదా కలిపింది. ఊదా, అయోడిన్, ఆల్కహాలు, ఎరుపు. మూడు స్లైడులు పక్కపక్కన పెట్టింది.

అధికారి మొదటిది చూసింది, రెండోది చూసింది, మూడోది చాలాసేపు చూసింది. తరవాత లేచి సూపరింటెండెంటు గారిని కూర్చోబెట్టింది. ఆయన ఒంగి చూశారు. మూడింటిలోనూ ఒకేలాంటి ఊదా గుత్తులు, ద్రాక్షపళ్లలా.

"ముగ్గురికీ ఒకటేనా?" అన్నారాయన నెమ్మదిగా.

"ఒకే రకంలా ఉంది. మిగతా పరీక్షలు చేస్తే ఖాయంగా తెలుస్తుంది. ఒక మంచం నుంచి ఇంకో మంచానికి అది నడిచి వెళ్లదు కదా, ఎవరో చేతుల్లో మోసుకెళ్లారు. ఆసుపత్రులకు వెళ్లి చేతులు కడుగుతున్నారా అని అడగడం నా పని. అందరూ కడుగుతున్నామనే అంటారు. కళ్లారా చూడటం ఇవాళే." ఆవిడ స్లైడు ఎత్తి వెలుతురులో పెట్టింది. "ఈ మూడూ పెద్ద ల్యాబుకు వెళ్తే మూడు వేరువేరు కాగితాలై తిరిగొస్తాయి. పక్కపక్కన పెట్టి చూసే తీరిక అక్కడెవరికీ ఉండదు. ల్యాబు ఉంటుంది. ఈ అమ్మాయి కూడా ఉంటుంది. వచ్చే నెల నాతో ఇంకో నాలుగు ఆసుపత్రులకు రావాలి, ఇదే చేసి చూపించడానికి. ముందుగా అందరికీ చెప్పి, ఒంటికి పడినా ఫరవాలేని రంగుతో."

"వస్తానండీ," అంది రంగులక్క. వదిన కొంగుతో ఆమె మొహం తుడిచి, కొంగు ఊదా అయినా కూడా ఏమీ అనలేదు.

సూపరింటెండెంటు గారు లేచి కుళాయి దగ్గరికి వెళ్లారు. ఆయన చెయ్యి తగలగానే తళతళలాడే పిడి ఊదారంగైంది. "హమ్మయ్య," అంది అధికారి. ఆయన వెనక డాక్టరు నిలబడ్డాడు, డాక్టరు వెనక ఫార్మసిస్టు, ఆ వెనక ఆయా. వరస వరండాలోకి సాగింది.

చేతులకు పట్టిన రంగు మూడు రోజుల్లో పోయింది. ముగ్గురు రోగుల పుండ్లూ ఆ నెలలోనే ఆరి, వాళ్లు నడిచి ఇంటికెళ్లారు. బుగ్గ మీది మరక మాత్రం ఇంకా కొన్నాళ్లు సూపరింటెండెంటు గారితోనే ఉండిపోయింది. ఆ బుగ్గతోనే ఆయన రోజూ అన్ని వార్డులూ తిరిగారు గానీ, శుభ్రత గురించి ఒక్క ముక్క కూడా మాట్లాడవలసిన అవసరం ఆయనకు రాలేదు.